వట్టి చేతులతో పంపకూడదు

అమెరికాలోని అట్లాంటా నగరంలో నల్లజాతి మహిళల చిన్న వ్యాపారాలకు 20,000 డాలర్ల చొప్పున గ్రాంటు ఇచ్చే కార్యక్రమం ఒకటి ఉండేది. ఫియర్‌లెస్ ఫండ్ అనే సంస్థ, దాని అనుబంధ ధర్మసంస్థ కలిసి దాన్ని నడిపేవి. 2024 సెప్టెంబరులో ఆ కార్యక్రమం శాశ్వతంగా మూతపడింది. డబ్బు చాలక మూతపడలేదు. లెక్కల్లో తేడా వచ్చీ కాదు. కోర్టు కేసులో కుదిరిన రాజీలో అదే షరతు.

ఆ కేసుకు ఆధారం 1866 నాటి పౌరహక్కుల చట్టం. అంతర్యుద్ధం ముగిసి, బానిసత్వం రద్దయిన కొన్ని నెలలకే వచ్చిన చట్టమది. నిన్నటిదాకా సంతలో సరుకుగా అమ్ముడుపోయిన మనుషులకు ఒప్పందాలు చేసుకోవడానికి, ఆస్తి కొనడానికి, కోర్టుకెక్కడానికి తెల్లవారికి ఉన్నంత హక్కూ ఉండాలని ఆ చట్టం చెప్పింది. అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ సంతకం చేయనని తిప్పి పంపితే, అమెరికా కాంగ్రెస్ ఆయన్ను కాదని దాన్ని చట్టం చేసింది. విడుదల పొందిన దాసుల కోసం పుట్టిన ఆ చట్టమే 158 ఏళ్ల తర్వాత, ఆ దాసుల మునిమనుమరాళ్లకు అందుతున్న కొద్దిపాటి సాయాన్ని ఆపించింది.

ఎక్కడో అమెరికాలో నడిచిన కేసు మన పత్రికకెందుకని పాఠకులు అడగవచ్చు. ఆ దేశంలో మన తెలుగు సంఘాలు ఉన్నాయి, మన బిడ్డలు ఉన్నారు. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. విడిపించిన మనిషి చేతిలో ఏం పెట్టి పంపాలి అన్న ప్రశ్నకు లేఖనం ఎప్పుడో జవాబు చెప్పింది. ఆ జవాబును ఒక క్రైస్తవ దేశమని చెప్పుకున్న దేశం ఏం చేసిందో చూడటం మనకు పాఠం.

కోర్టులో జరిగింది

అమెరికన్ అలయన్స్ ఫర్ ఈక్వల్ రైట్స్ అనే సంస్థ 2023 ఆగస్టులో ఈ గ్రాంటు మీద దావా వేసింది. దాన్ని నడిపేది ఎడ్వర్డ్ బ్లమ్. విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని అదే ఏడాది జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వెనుక ఉన్నది కూడా ఆయనే. నల్లజాతి స్త్రీలు మాత్రమే దరఖాస్తు పెట్టుకోవాలనడం మిగతావారిపై వివక్ష అని, అది 1866 చట్టానికి విరుద్ధమని ఆ సంస్థ వాదించింది. ఆ చట్టం తెల్లవారికీ రక్షణ ఇస్తుందని సుప్రీంకోర్టు 1976లోనే చెప్పి ఉంది.

కింది కోర్టు న్యాయమూర్తి గ్రాంటును ఆపడానికి ఒప్పుకోలేదు. తన సొమ్మును ఎవరికి దానం చేయాలన్నది దాత తన అభిప్రాయాన్ని వెల్లడించే తీరు, దానికి రాజ్యాంగ రక్షణ ఉండవచ్చని ఆయన భావించారు. అప్పీలు కోర్టు మాత్రం 2024 జూన్ 3న ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా దానికి విరుద్ధంగా తేల్చింది. గెలిచినవారు తమ పేరును, చిత్రాన్ని ప్రచారానికి వాడుకోనివ్వాలి వంటి నిబంధనలు ఉన్నాయి కాబట్టి ఇది వట్టి దానం కాదు, ఒప్పందమే. ఒప్పందంలో ఒక జాతిని తప్ప మిగతావారిని గుమ్మం బయట నిలబెట్టకూడదు అన్నది ఆ తీర్పు సారాంశం. దావా వేసినవారు నిజంగా ఆ గ్రాంటు కోరుకున్నట్టు, దానివల్ల నష్టపోయినట్టు కనబడటం లేదని మూడో న్యాయమూర్తి విభేదించారు. ఆ తర్వాత సెప్టెంబరులో రాజీ కుదిరింది.

ఒక్క గ్రాంటుతో ఇది ఆగలేదు. చాలా ఫౌండేషన్లు, కంపెనీలు తమ ప్రకటనల్లోంచి ‘నల్లజాతి’ అనే మాటనే తీసేశాయి. ప్రభుత్వం వైపు కూడా అదే గాలి వీచింది. 1969లో అధ్యక్షుడు నిక్సన్ హయాంలో మొదలై, 2021 చట్టంతో శాశ్వత హోదా పొందిన మైనారిటీ బిజినెస్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ అనే విభాగం, కొన్ని జాతులవారిని మాత్రమే వెనుకబడినవారుగా ముందే లెక్కగట్టడం రాజ్యాంగ విరుద్ధమని టెక్సస్‌లోని ఒక ఫెడరల్ న్యాయమూర్తి 2024 మార్చిలో తీర్పు చెప్పారు. 2025 మార్చిలో అధ్యక్షుడు ట్రంప్ ఆ విభాగాన్ని చట్టం అనుమతించినంత మేరకు కనీస స్థాయికి కుదించమని ఆదేశమిచ్చారు.

ఆ సొమ్ము చేసే పని

గ్రాంటు అంటే తిరిగి చెల్లించనక్కర్లేని సొమ్ము. వ్యాపారం చేసేవాళ్లకు అప్పు ఇస్తే చాలదా, ఊరికే ఇవ్వడమెందుకని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే.

ఏ దేశంలోనైనా చిన్న వ్యాపారి మొదటి పెట్టుబడి బ్యాంకు నుంచి రాదు. ఇంటినుంచి వస్తుంది. నాన్న అమ్మిన పొలం, అమ్మ మెడలోని గొలుసు, బావమరిది ఇచ్చిన చేబదులు, తాకట్టు పెట్టిన ఇల్లు, వీటితోనే కొట్టు తెరుచుకుంటుంది. బ్యాంకు తర్వాత వస్తుంది, అదీ హామీ చూపించినవారి దగ్గరికే. అమెరికాలో నల్లజాతి కుటుంబం దగ్గర ఆ మొదటి సొమ్ము ఎంత ఉంది? ఫెడరల్ రిజర్వు 2022లో చేసిన సర్వే ప్రకారం అప్పులు పోను మధ్యస్థ తెల్లజాతి కుటుంబపు ఆస్తి 2,85,000 డాలర్లు. నల్లజాతి కుటుంబానికి అది 44,900 డాలర్లు. అంటే ఆరో వంతు కూడా లేదు.

ఈ తేడా సోమరితనంతో వచ్చింది కాదు. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికా మధ్యతరగతి ఆస్తి కూడబెట్టింది ప్రధానంగా ఇంటి అప్పుల ద్వారా. 1930లలో ప్రభుత్వ సంస్థలు నగరాల పటాలు గీసి, నల్లజాతీయులుండే పేటల చుట్టూ ఎర్రరంగు పూసి, అక్కడ అప్పు ఇవ్వడం ప్రమాదమని గుర్తుపెట్టాయి. 1968 దాకా ఇళ్ల విషయంలో జాతి వివక్షను నిషేధించే సమగ్రమైన ఫెడరల్ చట్టమే లేదు. తాతకు ఇల్లు లేదు కాబట్టి తండ్రికి తాకట్టు పెట్టడానికేమీ లేదు. తండ్రికి లేదు కాబట్టి కూతురి బేకరీకి పెట్టుబడి లేదు. దేశ జనాభాలో దాదాపు 14 శాతం ఉన్న నల్లజాతీయుల చేతిలో, జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకున్న వ్యాపారాలు 3 శాతం ప్రాంతంలోనే ఉండటానికి మూలం ఇక్కడుంది. వెంచర్ పెట్టుబడిలో నల్లజాతి స్త్రీలకు అందేది ఒక శాతం లోపే.

ఈ ఖాళీలో పనిచేసేవే లాభాపేక్ష లేని చిన్న సంస్థలు. అవి చేసే పని చూడటానికి గొప్పగా ఉండదు. మంగలి దుకాణం నడిపే మనిషికి లెక్కల పుస్తకం రాయడం నేర్పుతాయి. వంట చేసి అమ్మే తల్లికి లైసెన్సు ఇప్పిస్తాయి. పన్ను కాగితాలు నింపుతాయి, ప్రభుత్వ టెండరు ఎలా వేయాలో పక్కన కూర్చుని చూపిస్తాయి, రెండు మూడు వేల డాలర్ల చిన్న అప్పు ఇచ్చి తిరిగి కట్టించుకుంటూ బ్యాంకు నమ్మే చరిత్ర ఒకటి తయారు చేస్తాయి. 2020లో కరోనా సమయాన చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ప్రకటించిన సాయం బ్యాంకుల ద్వారా పంచినప్పుడు, చాలా బ్యాంకులు ముందు తమ పాత ఖాతాదారులను చూసుకున్నాయి. బ్యాంకుతో పరిచయమే లేనివారు వరుసలో చివరికి పోయారు. అలాంటివారి కాగితాలు సిద్ధం చేసి, వారి తరఫున తిరిగినవి ఈ చిన్న సంస్థలే. వీటి దగ్గరికి వచ్చేవారి వద్ద ఫీజు ఇచ్చే స్తోమత ఉండదు. అందుకే ఈ సంస్థలు గ్రాంటు మీద బతుకుతాయి. గ్రాంటు ఆగితే ఆగేది ఒక ఉత్సవం కాదు. ఆ పక్కన కూర్చునే మనిషి జీతం ఆగుతుంది.

కళ్లంలో నుంచి, మందలో నుంచి

ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయంలో దాసుని విడుదల గురించి ఒక ఆజ్ఞ ఉంది. ఆరేళ్లు సేవ చేసినవాణ్ని ఏడో ఏట విడిచిపెట్టాలి. ఆజ్ఞ అక్కడితో ముగిసి ఉంటే అది స్వేచ్ఛ గురించిన ఆజ్ఞ మాత్రమే అయ్యేది. కాని దేవుడు ఇంకొక మాట చేర్చాడు. వాణ్ని వట్టి చేతులతో పంపకూడదు. యజమాని తన మందలో నుంచి, కళ్లంలో నుంచి, ద్రాక్షగానుగలో నుంచి ధారాళంగా ఇచ్చి పంపాలి. కారణం కూడా అక్కడే ఉంది: నువ్వూ ఐగుప్తులో దాసుడవే అని జ్ఞాపకం చేసుకో.

ఈ మూడింటినీ గమనించండి. మంద, కళ్లం, గానుగ. ఇవి ఒక పూట భోజనం కాదు. గొర్రె పిల్లలు పెడుతుంది, గింజ విత్తనమవుతుంది. వెళ్లేవాడు మళ్లీ ఇంకొకరి గడపకు దాసుడై రాకుండా, తన కాళ్ల మీద తాను నిలబడటానికి కావలసిన పెట్టుబడి అది. నేటి మాటల్లో అది గ్రాంటే. అప్పుగా ఇవ్వమని దేవుడు చెప్పలేదు, ఎందుకంటే ఆ సంపదలో ఆరేళ్ల చెమట ఆ దాసుడిదే.

అమెరికాలో విడుదల జరిగింది, రెండో మాట మాత్రం నెరవేరలేదు. 1865 జనవరిలో జనరల్ షెర్మన్ ఇచ్చిన ఆదేశం ప్రకారం దక్షిణ తీరంలో విడుదలైన కుటుంబాలకు 40 ఎకరాల వరకు భూమి పంచడం మొదలైంది. ఆ ఏడాదే అధ్యక్షుడు జాన్సన్ ఆ భూమిలో అత్యధిక భాగాన్ని పాత యజమానులకు తిరిగి ఇప్పించాడు. భూమి చేతికొచ్చి, నాట్లు వేసిన చేతుల్లోంచే పోయింది.

అదే ఏడాది మార్చిలో విడుదలైనవారి పొదుపు కోసం ఫ్రీడ్‌మెన్స్ సేవింగ్స్ బ్యాంకు ఏర్పడింది. దాని స్థాపనలో ముందున్నది జాన్ అల్వర్డ్ అనే పాస్టరు. సంఘాలు ఆ బ్యాంకును బలపరిచాయి, నల్లజాతి కాపరులు తమ విశ్వాసులను అందులో దాచుకోమన్నారు. చాకలి పని చేసినవారు, కూలీలు, సైనికులు సెంట్ల లెక్కన దాచారు. కాని దాన్ని నడిపిన పెద్దలు కొంతకాలానికి నిబంధనలు మార్పించి, ఆ సొమ్మును తమకు తెలిసిన సట్టా వ్యాపారులకు, రైల్వే, భూముల వ్యవహారాలకు అప్పులిచ్చారు. 1873 ఆర్థిక సంక్షోభం వచ్చింది. చివరి ఘడియలో నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్‌ను తెచ్చి అధ్యక్షుణ్ని చేశారు. ఆయన తన సొంత 10,000 డాలర్లు పోసినా అది నిలవలేదు. 1874 వేసవిలో మూతపడేనాటికి 61,000 మందికి పైగా ఖాతాదారులకు రావలసింది సుమారు 30 లక్షల డాలర్లు. కొందరికి ఏళ్ల తరబడి తిరిగాక సగం, అటూఇటూగా వచ్చింది. చాలామందికి ఏమీ రాలేదు.

ఇది చదివినప్పుడు మేము ఒక్కటే అడుగుతున్నాం. దాసునికి కళ్లంలో నుంచి ఇవ్వలేదు సరే, దాసుడు స్వయంగా దాచుకున్న గింజనూ కాపాడలేకపోయారు. ఆ తర్వాత 1921లో ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సా నగరంలో గ్రీన్‌వుడ్ అనే సంపన్న నల్లజాతి పేటను, దుకాణాలూ ఇళ్లూ ప్రార్థనా మందిరాలతో సహా, గుంపులు తగలబెట్టాయి. ఇన్నిసార్లు తీసుకున్న తర్వాత, కొందరు దాతలు 20,000 డాలర్లు ఇస్తామంటే దాన్ని ‘ప్రత్యేక లాభం’ అనడం ఎంతవరకు న్యాయం?

పక్షపాతమా, న్యాయమా

అవతలి వాదనను తేలిగ్గా తోసెయ్యకూడదు. దేవుడు పక్షపాతి కాడు, సంఘంలో మనుషుల్ని చూసి మర్యాదలు చేయకూడదని యాకోబు హెచ్చరించాడు. అపలేషియా కొండల్లో బొగ్గు గనులు మూతపడి దిక్కులేకుండా పోయిన తెల్లజాతి పేద కుటుంబాలు ఉన్నాయి. వాళ్లకు చర్మపు రంగు అన్నం పెట్టలేదు. నిన్నగాక మొన్న శరణార్థిగా వచ్చినవాడికి ఆ దేశపు పాత పాపాలతో పనిలేదు. చట్టం అందరినీ ఒక్క కంటితో చూడాలని కోరుకునేవారంతా ద్వేషంతో కోరుతున్నారని మేము అనం. కొంతమంది నల్లజాతి మేధావులు కూడా ఆ మాటే చెబుతున్నారు.

అయినా అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం మన ముందు ఉంది. యెరూషలేము సంఘంలో రోజూ జరిగే పంపకంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగు పుట్టింది. అపొస్తలులు ఏం చేశారు? మా కళ్లకు గ్రీకువారూ హెబ్రీయులూ ఒక్కటే, కాబట్టి ఈ ఫిర్యాదు వినం అనలేదు. ఎవరికి అందడం లేదో వారి పేరు పెట్టి మాట్లాడారు. ఏడుగురిని ఏర్పరచారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఈ పేర్లన్నీ గ్రీకు పేర్లే. అందనివారికి అందేలా చూసే బాధ్యతను సంఘం ఆ భాషవారి చేతుల్లోనే పెట్టినట్టుంది. దాంతో హెబ్రీయుల విధవరాండ్రకు అన్యాయం జరిగిందని ఎవరూ అనలేదు. వాక్యం ఇంకా వ్యాపించిందని ఆ అధ్యాయం చెబుతుంది.

పక్షపాతం అంటే బల్ల దగ్గర ఒకరికి రెండు వడ్డించి ఇంకొకరికి ఒకటే వడ్డించడం. ఇన్నాళ్లూ విస్తరి వేయనివారికి విస్తరి వేయడం పక్షపాతం కాదు. అమెరికా కోర్టులు తమ చట్టాన్ని తమ పద్ధతిలో చదివాయి. ఆ తీర్పుకు లోబడాలి, అది పౌరధర్మం. కాని చట్టం దేన్ని ఆపగలదో చెప్పే తీర్పు, మనస్సాక్షి దేనికి బాధ్యత వహించాలో చెప్పదు.

పోటెత్తి తగ్గిన దానం

తప్పంతా కోర్టులదే అనడం కూడా న్యాయం కాదు. 2020 మే నెలలో మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు మోకాలు పెట్టి చంపిన తర్వాత, పెద్ద పెద్ద కంపెనీలు వందల కోట్ల డాలర్ల వాగ్దానాలు చేశాయి. నల్లజాతి వ్యాపారులకు సాయపడే సంస్థల తలుపులు దాతలే వచ్చి తట్టారు. మూడు నాలుగేళ్లు తిరిగేసరికి ఆ పోటు తగ్గింది. కేసుల భయంతో కొందరు, రాజకీయ గాలి మారిందని కొందరు, ఉత్సాహం చల్లారి ఇంకొందరు వెనక్కి తగ్గారు. వీధిలో కేకలు వినబడినప్పుడు తెరిచిన చెయ్యి, కేకలు ఆగగానే ముడుచుకుంటే అది ప్రేమ అనిపించుకోదు.

గ్రాంటు పద్ధతిలోనే కొన్ని లోపాలున్నాయి. ఎక్కువ గ్రాంట్లు ఏడాదికే ఇస్తారు. ఒక చిన్న వ్యాపారం నిలదొక్కుకోవడానికి మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. చాలా గ్రాంట్లు ఒక ప్రాజెక్టుకని గిరిగీసి ఇస్తారు. ఆఫీసు అద్దె, కరెంటు బిల్లు, లెక్కలు రాసే మనిషి జీతం అందులో రావు. ఇద్దరు ముగ్గురు పనిచేసే సంస్థ తన సగం సమయం దరఖాస్తులకు, నివేదికలకు ఖర్చుపెడుతుంది. దరఖాస్తు అందంగా రాయగల పెద్ద సంస్థకు సొమ్ము వెళుతుంది, పేట మధ్యలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న చిన్న సంస్థ ఖాళీ చేతులతో మిగులుతుంది. పోటీ పెట్టి వందలమందిలో ఒకరికి ఇచ్చి, ఫొటో తీసి, మిగతావారిని ఇంటికి పంపడం మరో రివాజు.

సొమ్ము అందుకున్న సంస్థలకూ జవాబుదారీ ఉండాలి. యెరూషలేము పరిశుద్ధుల కోసం చందా తీసుకెళ్లేటప్పుడు పౌలు ఒక్కడే మోసుకుపోలేదు. సంఘాలు ఏర్పరచిన నమ్మకస్థులను వెంట పెట్టుకున్నాడు, దేవుని దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలో కూడా యోగ్యంగా ఉండాలని జాగ్రత్తపడ్డాడు. ఫ్రీడ్‌మెన్స్ బ్యాంకు పెద్దలు ఆ ఒక్క జాగ్రత్త తీసుకుని ఉంటే వేల కుటుంబాల చరిత్ర వేరుగా ఉండేది.

నెలకు పది డాలర్లు

గాలివాటపు దానానికి ఎదురు నిలిచిన ఉదాహరణ ఒకటి సంఘంలోనే ఉంది. ఫిలడెల్ఫియా నగరంలో జయాన్ బాప్టిస్టు సంఘ కాపరి లియోన్ సలివన్. 1962లో ఆయన ఐదు రొట్టెలు, రెండు చేపల అద్భుతాన్ని ఆధారం చేసుకుని తన సంఘం ముందు ఒక ఆలోచన పెట్టారు. ఒక్కొక్కరు నెలకు 10 డాలర్లు, 36 నెలలపాటు ఇవ్వాలి. దానికి ‘10-36 ప్రణాళిక’ అని పేరు. 50 మంది వస్తే చాలనుకున్నారు. 200 మందికి పైగా ముందుకొచ్చారు.

ఆ సొమ్మును ఆయన రెండు భాగాలు చేసిన తీరు గమనించదగ్గది. మొదటి 16 నెలల సొమ్ము లాభాపేక్ష లేని ధర్మనిధికి వెళ్లింది, చదువులకూ పేటలోని అవసరాలకూ. మిగిలిన 20 నెలల సొమ్ము వ్యాపార పెట్టుబడిగా మారింది, ఇచ్చినవారికి అందులో వాటా. ముందు ఇవ్వడం, తర్వాత సంపాదించడం. పాలు పంచుకున్నవారిలో ఎక్కువమంది ఇళ్లలో, కర్మాగారాల్లో, బడుల్లో పనిచేసే మామూలు విశ్వాసులు. మూడేళ్లు కానుక సంచీ నిలకడగా నిండింది కాబట్టి బ్యాంకు ముందు చూపించడానికి చేతిలో సొంత సొమ్ము ఉంది, అప్పు పుట్టింది. 1968లో నార్త్ బ్రాడ్ వీధిలో ప్రోగ్రెస్ ప్లాజా అనే దుకాణ సముదాయం తెరుచుకుంది. అక్కడి చాలా దుకాణాలు నల్లజాతి వ్యాపారులవి. బయటి నుంచి వచ్చిన పెద్ద దుకాణం కూడా నల్లజాతి మేనేజరును పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ సముదాయం ఇప్పటికీ ఉంది, సలివన్ గారి పేరుతోనే.

అదే కాపరి 1964లో ఒక పాత జైలు భవనంలో వృత్తివిద్యా కేంద్రం మొదలుపెట్టారు. తర్వాత అది ఎన్నో నగరాలకు వ్యాపించింది, ప్రభుత్వ గ్రాంట్లూ ఫౌండేషన్ల గ్రాంట్లూ వచ్చాయి. వరుస మాత్రం గుర్తుంచుకోవాలి. బయటి సొమ్ము రాకముందే సంఘపు సొమ్ము ఉంది. బయటి దాత మనసు మార్చుకున్నా కూలిపోని పునాది అది. కొరింథు సంఘానికి పౌలు చెప్పిందీ ఇదే. ఆదివారం ఆదివారం ఎవరి వర్ధిల్లిన కొద్దీ వారు తీసి పెట్టాలి; తాను వచ్చినప్పుడు హడావిడిగా చందాలు పోగు చెయ్యకూడదు.

మన బాకీ

ఈ కథలో తెలుగువారికి ఒక బాకీ ఉంది. 1946 తర్వాత కూడా భారతదేశం నుంచి అమెరికాకు వలస వెళ్లడానికి ఏడాదికి వందమందికే కోటా ఉండేది. 1965 అక్టోబరులో వచ్చిన వలస చట్టం ఆ తలుపు తెరిచింది. ఆ చట్టం దానంతటదే రాలేదు. నల్లజాతి సంఘాలు, వారి కాపరులు, వారి పిల్లలు వీధుల్లో దెబ్బలు తిని, కుక్కల చేత కరిపించుకుని సాధించిన పౌరహక్కుల ఉద్యమపు వెల్లువలోనే అది వచ్చింది. ఇంకా ముందుకు వెళ్తే, ప్రభుత్వ కాంట్రాక్టుల్లో వెనుకబడిన వర్గాల వ్యాపారులకు అవకాశమిచ్చే ‘8ఎ’ పథకంలో 1982 నుంచి భారత ఉపఖండం నుంచి వచ్చినవారినీ చేర్చారు. నల్లజాతీయుల పోరాటం నాటిన చెట్టు నీడలో ఎన్నో భారతీయ కంపెనీలు ఎదిగాయి. వాటిలో మనవాళ్లవీ ఉన్నాయి.

మరి మనం ఆ నీడను ఎలా తలుచుకుంటున్నాం? విమానం దిగిన పిల్లవాడికి మన బంధువులు చెప్పే మొదటి జాగ్రత్తల్లో ‘నల్లవాళ్లుండే ఏరియాకు పోవద్దు’ అనేది ఒకటి. అదే ఏరియాలో గ్యాస్ స్టేషను నడిపి లాభం తీసుకునే మనవారూ ఉన్నారు. వారి సొమ్ము కావాలి, వారి పొరుగు వద్దు. ఊరి చివర ఇళ్లలో పుట్టి, బావి దగ్గరికి రానివ్వని రోజులను తాతల నోట విన్న క్రైస్తవ కుటుంబాలు కూడా అక్కడికి వెళ్లి అదే మాట అనడం మమ్మల్ని ఎక్కువగా బాధిస్తోంది. నువ్వు ఐగుప్తులో దాసుడవని జ్ఞాపకం చేసుకో అన్న మాట మన ఇళ్లలోకి నేరుగా వచ్చి తగులుతుంది.

సంఘాలు చేయదగినవి

అమెరికాలోని మన తెలుగు సంఘాలకు ఈ పత్రిక ద్వారా కొన్ని మాటలు మనవి చేస్తున్నాం.

మీ ఊళ్లో నల్లజాతి సంఘం ఒకటి ఉంటుంది. ముందు దాని కాపరిని కలవండి. ఆ పేటలో చిన్న వ్యాపారులకు సాయపడుతున్న సంస్థ ఏదో ఆయనకు తెలుస్తుంది. మీరు కొత్త సంస్థ పెట్టనక్కర్లేదు. ఉన్నదాన్ని నిలబెట్టండి.

ఇచ్చేది చిన్నదైనా మూడేళ్లకు మాటివ్వండి. ఫలానా ప్రాజెక్టుకే అని గిరి గీయకుండా, అద్దెకూ జీతానికీ వాడుకోనివ్వండి. ఏడాదికొకసారి లెక్క అడగండి. నెలనెలా నివేదికలతో వేధించవద్దు.

చట్టాన్ని దాటవద్దు, దాని చాటున దాక్కోనూ వద్దు. జాతి పేరు మీద గుమ్మం మూయకుండానే, ఫలానా పేటలో ఉన్నవారికి, ఇంటి ఆస్తి లేనివారికి, బ్యాంకు రెండుసార్లు తిప్పి పంపినవారికి అని అవసరాన్ని బట్టి నియమం పెట్టవచ్చు. అప్పుడు అపలేషియా నుంచి వచ్చిన పేద తెల్లవాడికీ అదే గుమ్మం తెరిచి ఉంటుంది. నియమాలు రాసేటప్పుడు న్యాయవాది సలహా తీసుకోండి. మనసులో మాత్రం ఎవరికి ఎక్కువ కాలంగా అందలేదో ఆ లెక్క చెరపవద్దు.

సొమ్మొక్కటే గ్రాంటు కాదు. మన సంఘాల్లో అకౌంటెంట్లు, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు, పన్ను లెక్కలు తెలిసినవారు బల్లల నిండా ఉన్నారు. నెలకు రెండు శనివారాలు ఒక వ్యాపారి పక్కన కూర్చుని పుస్తకం రాసిపెడితే, అది ఏ కోర్టూ ఆపలేని కానుక.

ఇక్కడి సంఘాలకు చెప్పవలసింది కూడా ఉంది. మన విశ్వాసుల్లో టిఫిన్ బండి పెట్టుకున్నవారు, కుట్టు మిషను మీద ఇల్లు నడిపేవారు, రోజువారీ వడ్డీకి తెచ్చి కూరగాయలు అమ్మేవారు ఉన్నారు. బయటి దేశం మిషను నుంచి సొమ్ము వచ్చినంతకాలం మన పరిచర్యలు నడిచాయి, ఆగినచోట ఆగిపోయాయి. సలివన్ గారి సంఘం నెలకు పది డాలర్లతో చేసిన పనిని మన సంఘం నెలకు వంద రూపాయలతో మొదలుపెట్టలేదా? కొత్త గోపురానికి చందా పుస్తకం వేసే ముందు, ఆ బండి నడిపే అక్కను వడ్డీ నుంచి విడిపించే పుస్తకం ఒకటి వేయగలమేమో పెద్దలు ఆలోచించాలి.

అట్లాంటాలో ఒక తలుపు మూతపడింది. దాన్ని మూయించినవారితో వాదించే పని న్యాయవాదులది. మందలో నుంచి, కళ్లంలో నుంచి, గానుగలో నుంచి తీసి ఇమ్మన్న ఆజ్ఞ మాత్రం మనకు వచ్చింది. అది ఏ దేశపు కోర్టు తీర్పుతోనూ రద్దు కాలేదు. వచ్చే ఆదివారం కానుక పళ్లెం మన ముందుకు వచ్చినప్పుడు, మన ప్రాంతంలో వట్టి చేతులతో వెళ్లిపోయినవారు ఎవరో ఒక్క పేరైనా మనసుకు తెచ్చుకుందాం. ఆ పేరుతో ప్రార్థన మొదలుపెడదాం, ఆ పేరు పక్కన ఒక అంకె వేసి కొనసాగిద్దాం.